బాలింతకు పెట్టిన తెల్లన్నం

1949 చివర్లో నేను మిర్యాలగూడ సర్కారు దవాఖానలో డాక్టరుని. రజాకార్ల భయంతో నిజాం సరిహద్దు దాటి కోస్తా జిల్లాలకు వెళ్లిన కుటుంబాలు తిరిగొచ్చి ఇళ్లు చక్కబెట్టుకుంటున్న కాలం అది. వాళ్లలో కొందరు అవతలి నుంచి ఒక కొత్త గౌరవాన్ని వెంట తెచ్చుకున్నారు: మరపట్టిన తెల్లబియ్యం. జొన్నరవ్వతో వండే జొన్న గటక కూలివాళ్ల తిండి, మల్లెపూవులాంటి అన్నం పెద్దింటి తిండి. కులాన్ని కంచంలోకి దించడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు.

ఒక పొద్దున మల్లమ్మ అనే పెద్దావిడ కోడలు సైదమ్మను, మూడు నెలల మనవణ్ణి తీసుకుని వచ్చింది.

"గొంతుకు మందియ్యి సారు. పోరడు ఏడుస్తడు గానీ సప్పుడు రాదు."

పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది, ముఖం కందిపోయింది, శబ్దం మాత్రం లేదు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను తల్లిని బల్ల మీద కూర్చోబెట్టాను. పాదం వాచింది, వేలితో నొక్కితే సొట్ట పడింది. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశాను. ఆరోగ్యంగా ఉన్న కాలు దానంతటదే ఎగురుతుంది. దీన్ని ఇంగ్లీషులో నీ-జర్క్, అంటే మోకాలి అదురు, అంటాం. సైదమ్మ కాలు కదల్లేదు.

"తిమ్మిర్లున్నాయా అమ్మా?"

"చీమలు పారినట్టుంటది సారు. కాలి చెప్పు ఊడిపోయినా తెలుస్తలేదు."

ఏం తింటున్నావని అడిగితే అత్తే అందుకుంది. "నా కోడల్ని రాణి లెక్క సూసుకుంటున్న. పాత బియ్యం, మరపట్టినయి. నీళ్లు తేటగయ్యేదాక కడిగి, గంజంత వార్చి పెడుతున్న. ఇంత ఎల్లిపాయ కారం. పప్పు లేదు, కూర లేదు. బాలింతకు వాతం జేస్తది గద!"

"కడుగునీళ్లు, గంజి ఏం చేస్తున్నారు?"

"బర్రెకు పోస్తం. తవుడు గూడ దానికే. మంచిగ బలిసింది."

"అంటే మీ ఇంట్లో సరైన బాలింత భోజనం మీ బర్రెకే అందుతున్నదన్నమాట."

సైదమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సారు ఎక్కిరిస్తుంటే పండ్లికిలిస్తవేందే?" అని అత్త గదిమింది. నవ్వు ఆగాక సైదమ్మ మెల్లగా అంది: "నాకు పొద్దుమాపు జొన్న గటకే యాదికొస్తది సారు. మా తల్లిగారూరు పెన్‌పహాడ్‌ల మా అవ్వ వండేది. ఆ వాసన కలల గూడ వస్తది."

"ఇగో, సూసినవా సారు? పెద్దింటికొచ్చినా నాలుక పాతదే!"

ఆ నాలుక చెప్పిందే నిజం. తల్లికీ బిడ్డకీ వచ్చింది బెరిబెరి. ధాన్యపు గింజ పైపొరలో విటమిన్ బి-వన్ అనే పదార్థం ఉంటుంది. మర దాన్ని తవుడుతో పాటు గీకేస్తుంది. మిగిలిన కాస్తా కడుగునీళ్లలో, గంజిలో పోతుంది. తల్లి ఒంట్లో అది లేకపోతే పాలలోనూ ఉండదు. చంటిబిడ్డకు ముందు గొంతు పోతుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది.

నేను బి-వన్ సూదిమందు తీయగానే మల్లమ్మ పిల్లవాణ్ణి లాక్కుని గుండెకు హత్తుకుంది. "వద్దు సారు! అవతల ఉన్నప్పుడు పెద్ద మనుమడు గూడ గిట్లనే గొంతు పోయి, గీ ఈడుకే పాయె. గాలి సోకిందన్నరు. వాని రాత గంతే. సూదులు, కోతలు వద్దు, వీన్నయినా ఇంటికి తీసుకపోనియ్యి."

అప్పటిదాకా తల ఎత్తని సైదమ్మ లేచింది. "గాలి గీలి అన్న మాటలిని ఒకన్ని పోగొట్టుకున్న అత్తమ్మా. ఇటియ్యి." తనే బిడ్డను తీసుకుని, తొడ మీద గుడ్డ తప్పించి పట్టుకుంది. "ఏయుండ్రి సారు."

తల్లికీ బిడ్డకీ ఇచ్చాను. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. ఒకటి రెండు రోజులకు వరండాలో ఒక బొంగురు ఏడుపు వినిపించింది. "ఏడుస్తుండు సారూ! మావోడు ఏడుస్తుండు!" అని మల్లమ్మ నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. బిడ్డ ఏడిస్తే ఇంత సంబరమేమిటని క్యూలో వాళ్లు వింతగా చూశారు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పాను: దంచిన బియ్యం తినండి, గంజి వార్చకండి, పప్పు పెట్టండి, జొన్న గటక పెట్టండి. సైదమ్మ అన్నీ విని, వెళ్లకుండా నిలబడింది.

"పెద్దోనికి గూడ గిదేనా సారు?"

"ఇదే అయి ఉంటుంది."

"అప్పుడు నేను గటక తినుంటే, బతుకుతుండెనా?"

సభల్లో పండితులతో వాదించి నెగ్గిన నోరు నాది. కర్మ అన్నవాణ్ణి కారణం చూపమని నిలదీసేవాణ్ణి. ఇక్కడ కారణం నా చేతిలోనే ఉంది, అది చూపాల్సింది ఈ తల్లికి. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

"బతికేవాడేమో అమ్మా."

ఆమె ఏడవలేదు. "అవతల ఉన్నప్పుడు గూడ నా పానం గటక మీదికే గుంజేది సారు. అడిగితే నవ్వుతరని అడగలే."

మల్లమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ అలాగే నడిచి వెళ్లిపోయారు.

విధి అనే మాటను జనం నోట్లోంచి ఊడబెరకాలని నేను ఇప్పటికీ పత్రికలకు రాస్తాను, రాస్తూనే ఉంటాను. అయితే ఆ మాట పోయిన చోట ఓ తల్లికి పోయిన బిడ్డ మళ్లీ గుర్తొస్తాడని, ఈసారి బతికి ఉండగలిగినవాడిగా గుర్తొస్తాడని సైదమ్మ వల్లే తెలిసింది. నేను చూడని ఆ పిల్లవాడికి ఇప్పుడెన్నేళ్లుండేవో అని నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ తర్వాత దవాఖానకు వచ్చిన ప్రతి బాలింతనూ, నాడి చూడకముందే, "నీకేం తినాలనుందమ్మా?" అని అడిగేవాణ్ణి. చాలామంది ముందు అత్త ఎక్కడుందో చూసుకుని, గొంతు తగ్గించి చెప్పేవాళ్లు.