తీసిన తాళం మళ్ళీ వేసే మేస్త్రి

తాళాల మేస్త్రికి జబ్బు ఒకటే. తెలిసిన సంగతైనా సరే, ఎవరినో ఒకరిని అడిగితే తప్ప ఆయనకు పూట గడవదు. బీపీ లేదు, షుగరు లేదు, అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా పళ్ళన్నీ సొంతవే. ఈ అడిగే జబ్బుకు మాత్రం మందు లేదని ఇంటిల్లిపాదీ ఎప్పుడో చేతులెత్తేశారు.

నలభై ఏళ్ళుగా ఒకే వీధిలో ఉంటున్న మనిషి, ఆ వీధి మొదట్లోనే నిలబడి, "ఏమండీ, తాళాల కొట్టు ఎటువైపు?" అని అడగడం కూతురు కళ్ళారా చూసింది. ఆ కొట్టు ఆయనదే. దాని తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఆయన అడిగిన ముసలాయన చేతికర్ర ఊపుకుంటూ దగ్గరుండి కొట్టు దాకా తీసుకొచ్చి, పైనున్న బోర్డు కూడా చదివి వినిపించి మరీ వెళ్ళాడు.

"నాన్నా, ఆయన నిన్ను పిచ్చివాడనుకుని ఉంటాడు" అంది కూతురు, తల కొట్టేసినట్టయి.

"అనుకోనీ అమ్మడూ. ఎంత వివరంగా చెప్పాడో చూశావా?"

కొట్టుకు ఎదురుగా మేడ మీద ఒక లెక్కల మాస్టారు ఉంటారు. రిటైరై పదేళ్ళయింది. మేస్త్రి పొద్దున్నే షట్టరు ఎత్తి, తల పైకెత్తి, "మాస్టారూ, పదమూడేడులెంత?" అంటాడు. మేడమీద నుంచి "తొంభై ఒకటి" అని వస్తుంది. "నిన్న కూడా అంతేనా?" అంటాడు మేస్త్రి. "ఎప్పుడైనా అంతేనయ్యా. నీకెన్నిసార్లు చెప్పాలి?" అని మాస్టారు విసుక్కుంటారు. విసుక్కోవడానికి ఆయన ఎనిమిదింటికల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉంటారు.

కూతురికి పదేళ్ళప్పుడు ఒకసారి లెక్కల్లో పందొమ్మిది మార్కులొచ్చాయి. ఏడుస్తూ ఇంటికొస్తే, మేస్త్రి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఎక్కువొస్తే మంచిదా, తక్కువొస్తే మంచిదా?" అనడిగాడు. వందకి ఎన్నంటే ఏమిటో, సగం అంటే ఎంతో, పందొమ్మిది అందులో ఎక్కడుంటుందో ఆ పిల్ల అరగంట సేపు నేల మీద సుద్దతో గీసి చెప్పింది. చెప్పడంలో పడి ఏడవడం మర్చిపోయింది. ఇంత చిన్న సంగతి కూడా తెలియని తండ్రి దొరికాడేమిటా అని మాత్రం చాలా ఏళ్ళు బాధపడింది.

పనిలోనూ ఇదే వరస. కొట్టు వెడల్పు నాలుగడుగులు. గోడంతా తాళంచెవులు, బల్లమీద ఆకురాళ్ళు, ఓ మూల తుప్పు వదిలించే నూనె డబ్బా. ఎవరింట్లోనైనా తలుపు బిగుసుకుపోయిందంటే సంచీ పట్టుకుని వెళ్తాడు. అర నిమిషంలో తీసేస్తాడు. అక్కడితో ఆగితే లోకమంతా మెచ్చుకునేది. ఆయన తీసిన తాళం మళ్ళీ వేసేసి, ఇంటివాళ్ళను పిలిచి, "ఈ తలుపు ఎలా తెరుచుకుంటుందో కాస్త చూపిస్తారా?" అంటాడు. వాళ్ళు చెవి పెట్టి తిప్పుతారు. వెన్నలా తిరుగుతుంది. "అరే, నాకే వచ్చేసిందే" అని వాళ్ళు మురిసిపోతారు. మేస్త్రి పని ఏమీ రాకుండానే కొట్టు నడుపుతున్నాడని సగం పేటకు గట్టి నమ్మకం.

ఇలాంటి మనిషి ఒకనాడు చంకలో ఒక అట్టపెట్టె పెట్టుకుని కూతురింటికి వచ్చాడు.

"అమ్మడూ, దీన్నేమంటారు? దీంతో ఏం చేస్తారు?"

పెట్టె మీద ఒక పాత మేడ బొమ్మ, దాని మీద 'గడియారాల మేడ' అని పేరు ఉన్నాయి. కూతురు వెనకవైపు చదివి చెప్పింది. గడియారాల ఆసామి తన మేడలోంచి మాయమయ్యాడు. ఆటగాళ్ళంతా ఆ మేడలో చిక్కుకుపోయారు. ఆధారాలు చూసుకుంటూ ఒక్కో తాళానికి మూడంకెలు కనిపెట్టి తిప్పాలి. అలా నాలుగు తాళాలు, ఒక్కోదానికి ఒక్కో అంటించిన కవరు. గంటే సమయం. అంకె తప్పితే అయిదు నిమిషాలు పోతాయి. ఒకరి మీద ఒకరు గెలిచేది కాదు, గెలిస్తే అందరూ గెలిచినట్టే, లేకపోతే ఎవరూ గెలవనట్టే.

"పైన ఉండే ప్లాస్టిక్ కాగితం ఏది నాన్నా?"

"అది ఉంచాలా, తీసెయ్యాలా? తెలీక తీసేశాను" అన్నాడు మేస్త్రి.

ఆటంటే కూతురికి పెద్ద సరదా లేదు. కానీ ఆమె ఆ పెట్టె వంక ఆశగా చూసింది. కారణం లోపలి గదిలో ఉంది. ఆమె భర్త పధ్నాలుగేళ్ళు సిటీ బస్సులకు టైం టేబుళ్ళు వేశాడు. మూడు నెలల కిందట ఆ పని కంప్యూటరుకు అప్పజెప్పి, ఆయన చేతికి ఒక పూలగుత్తి, ఒక గోడగడియారం ఇచ్చి ఇంటికి పంపేశారు. వేళకు వెళ్ళాల్సిన చోటు లేకుండా చేసి, గడియారం ఎందుకిచ్చారో వాళ్ళకే తెలియాలి. అప్పట్నుంచి ఆయన మూడు మాటలతో సంసారం నెట్టుకొస్తున్నాడు: సరే, వద్దు, తర్వాత. ఆ మూడూ కూడా అయిపోతే ఏం చెయ్యాలో తెలియక ఆమెకు భయంగా ఉంది. ఈ ఆటకైనా బయటికొచ్చి నలుగురిలో కూర్చుంటాడేమో, నాలుగో మాట ఏదైనా వస్తుందేమో అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ చేరారు. మేస్త్రి, ఆయన భార్య, వాళ్ళ కొడుకు. ఈ కొడుకు కంపెనీలకు వెళ్ళి కలిసికట్టుగా పనిచెయ్యడమెలాగో నేర్పుతాడు. నేర్పేటప్పుడు ఎవర్నీ మాట్లాడనివ్వడని వినికిడి. వస్తూ వస్తూ ఒక తెల్లబోర్డు, నాలుగు రంగుల పెన్నులు తెచ్చాడు.

"మొదట బాధ్యతలు పంచుకుందాం" అన్నాడు. అందర్నీ ఓసారి చూసి, తనే పంచేశాడు. చెల్లెలు సమాచార నాయకురాలు. అమ్మ ఉత్సాహ నాయకురాలు, అంటే టీ పెట్టాలి. తను సమన్వయ నాయకుడు. "నాన్నా, నువ్వు పరిశీలకుడివి."

"అంటే నేనేం చెయ్యాలి?"

"ఏమీ అడక్కూడదు."

"ఏమీ అంటే?"

కొడుకు ఈ ప్రశ్న వినిపించుకోలేదు. "బావా, నువ్వు పెట్టె మూత జాగ్రత్తగా చూసుకో" అన్నాడు.

"సరే" అన్నాడు అల్లుడు. ఒక కాలు గదిలో, ఒక కాలు హాల్లో పెట్టి, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మూత ఒళ్ళో ఉంది. కూతురు ఆ గదిలో పెట్టిన కాలినే చూస్తూ ఆట మొదలుపెట్టింది.

మొదటి కవరులో మేడ వసారా బొమ్మ వచ్చింది. మేస్త్రి భార్య దాన్ని చూసీ చూడకముందే, "వంటవాడిదే ఇదంతా" అని తేల్చేసింది. వంటవాడు ఆ బొమ్మలో లేనే లేడు.

"అమ్మడూ, గొడుగులన్నీ తడిసున్నాయి, ఇదొక్కటీ పొడిగా ఉందేమిటి?" అన్నాడు మేస్త్రి.

"నాన్నా" అన్నాడు కొడుకు. కానీ కూతురు అప్పటికే పొడి గొడుగు పిడి మీద మూడంకెలు చూసేసింది. మొదటి తాళం ఊడి వచ్చింది.

రెండో తాళం దగ్గర కొడుకు రంగంలోకి దిగాడు. బోర్డు నిండా బాణాలు గీశాడు. మూడుసార్లు అంకె తప్పి పదిహేను నిమిషాలు పోగొట్టాడు. మేస్త్రి వంగి, "ఈ బొమ్మలోని అద్దంలో అంకెలు తిరగేసి కనబడుతున్నాయి, నా కళ్ళజోడు తేడా అంటావా?" అన్నాడు. "మధ్యలో మాట్లాడొద్దని చెప్పానా?" అని కొడుకు కసిరాడు. రెండు నిమిషాలాగి, "నాకో ఆలోచన వచ్చింది. అద్దంలో తిరగేసి చదివితే?" అన్నాడు. తాళం వచ్చింది. అందరూ కలిసి పనిచేస్తే ఇలాగే ఉంటుందని ఒక నిమిషం ఉపన్యాసం కూడా ఇచ్చాడు. కొడుకు బుర్రకు ఉత్సాహ నాయకురాలు మురిసిపోయింది.

మూడో కవరులో ఆసామి కోటు జేబులో దొరికిన రెండు బస్సు కాగితాలున్నాయి. వెళ్ళే బస్సులు ఒక దాంట్లో, తిరిగొచ్చే బస్సులు ఇంకో దాంట్లో. 'ఈ బస్సుల్లో ఒకటి అబద్ధం' అని కింద రాసి ఉంది. కొడుకు వెళ్ళే బస్సుల కాగితం ఒక్కటే తీసుకుని అంకెలన్నీ కూడడం మొదలుపెట్టాడు. ఎందుకు కూడుతున్నాడో ఎవరికీ తెలియదు. ఇంకా పదిహేడు నిమిషాలే మిగిలున్నాయి.

కూతురు భర్త వైపు చూసింది. ఆయన మూత వైపు చూస్తున్నాడు. ఈ కాగితాలు చూస్తే పాత ఆఫీసు గుర్తొచ్చి లేచిపోతాడేమో అనుకుంది. నిజంగానే ఆయన హాల్లో ఉన్న కాలు వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు మేస్త్రి రెండో కాగితం తలకిందులుగా పట్టుకుని స్టూలు దగ్గరికి వెళ్ళాడు.

"అల్లుడుగారూ, దీన్నెటు నుంచి చదవాలి?"

"తలకిందులుగా పట్టుకున్నారు మామయ్యగారూ."

మూడు మాటలు, మూడూ కొత్తవే. కూతురు చేతిలోని కప్పు కిందపెట్టింది.

"ఓహో. అయితే ఈ నాలుగువందల పదిహేడో నంబరు బస్సు తొమ్మిదీ నలభైకి స్టేషన్ నుంచి బయల్దేరుతుందా? మరి చౌరస్తా నుంచి వెళ్ళేది వేరే బస్సా?"

"వేరేదెలా అవుతుందండీ? కింద చూడండి, రూటుకి ఒక్కటే బస్సని రాశారు. వెళ్ళిందే తిరిగి రావాలి."

"వెళ్ళకముందే తిరిగి రాకూడదా?"

అల్లుడు మొహం చిట్లించాడు. పధ్నాలుగేళ్ళ చాకిరీకి ఇంత అవమానం ఎప్పుడూ జరిగుండదు. మూత నేల మీద పెట్టి లేచాడు. రెండు కాళ్ళతో హాల్లోకి వచ్చి మొదటి కాగితం కోసం చెయ్యి చాపాడు.

"ఒక్క నిమిషం బావా, కూడిక మధ్యలో ఉంది. ముందు మనం అందరి అభిప్రాయాలూ..." అన్నాడు కొడుకు.

"బావా, నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా?" అన్నాడు అల్లుడు.

కలిసికట్టుగా పనిచెయ్యడం మీద ఇంతకన్నా మంచి మాట ఆ బోర్డు దగ్గర ఎవరూ చెప్పలేదు. అల్లుడు కొడుకు గీసిన బాణాలన్నీ అరచేత్తో తుడిచేసి, ఒక గీత గీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.

"చౌరస్తాలో తొమ్మిదీ పదికి బయల్దేరుతుంది. నలభై నిమిషాల దారి. స్టేషన్‌కి చేరేది తొమ్మిదీ యాభైకి. తొమ్మిదీ నలభైకే తిరుగు బయల్దేరినట్టు రాశారు. ఇలా వేసినవాణ్ణి నేనైతే ఆఫీసులో ఉంచను. నాలుగు ఒకటి ఏడు తిప్పండి."

కూతురు తిప్పింది. మూడో తాళం వచ్చింది. ఆమెకు చప్పట్లు కొట్టాలనిపించింది, ఏడుపు కూడా వచ్చింది, రెండూ మానుకుని బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందుకు జరిపింది.

"మరి అల్లుడుగారూ, ఆ పెద్ద గడియారం వెనక తలుపు మీద బొంగరం గుర్తెందుకుంది?" అన్నాడు మేస్త్రి ఉత్సాహంగా.

కూతురు బల్లంతా చూసింది. ఎక్కడా గడియారం వెనక బొమ్మ లేదు. నాలుగో కవరు ఇంకా అంటించే ఉంది. మేస్త్రి నాలిక కరుచుకుని, "టీ ఇంకా ఉందా?" అని మాట మార్చాడు. అల్లుడు ఒక్క క్షణం మామగారి వైపు చూసి, కవరు తెరిచాడు. అందులో పెద్ద గడియారం, దాని వెనక తలుపు, తలుపు మీద బొంగరం ఉన్నాయి. రెండు నిమిషాలుందనగా ఆఖరి తాళం వచ్చింది. ఆసామి ఆ గడియారంలోనే దాక్కుని ఉన్నాడు. వేళకి భోజనం అందించింది వంటవాడు.

"నేను మొదట్నుంచీ చెప్పలేదూ?" అంది మేస్త్రి భార్య.

అంతా కాఫీలకని బాల్కనీలోకి వెళ్ళాక, కూతురు బల్ల సర్దుతుంటే తండ్రి కళ్ళజోడు పెట్టె కనబడింది. కళ్ళజోడు తుడిచి పెడదామని మూత తీసింది. లోపల నాలుగు మడతల కాగితం ఉంది. తాళాలమీద నంబర్లు వేసే నీలం పెన్సిలుతో, మేస్త్రి చేతిరాత. పైన పన్నెండు అంకెలు. నాలుగు తాళాలవీ వరసగా ఉన్నాయి. కింద ఇలా ఉంది.

'గొడుగులు: ఊరికే అడిగితే చాలు, అమ్మడు పట్టేస్తుంది. అద్దం: అబ్బాయిని అరవనివ్వాలి, తర్వాత వాడికే వస్తుంది. బస్సులు: అల్లుడు. కాగితం తలకిందులుగా పట్టుకోవాలి. బొంగరం: నాలుగో కవరు తెరిచాకే అడగాలి.' ఈ చివరి మాట కింద రెండు గీతలున్నాయి.

కూతురు కుర్చీలో కూర్చుండిపోయింది. ఆ కవర్లను చిరగకుండా తెరిచి, ఆటంతా ఆడేసి, మళ్ళీ అంటించి తెచ్చాడన్నమాట. తీసిన తాళం మళ్ళీ వేసి, ఇంటివాళ్ళ చేతికి చెవి ఇచ్చాడు. ఆమెకు పదమూడేడులు గుర్తొచ్చాయి, మాస్టారి ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. నేల మీద సుద్దగీతలు, వాటి మధ్య తన పందొమ్మిది మార్కులు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషిని చూసి సిగ్గుపడ్డందుకు ఇప్పుడు సిగ్గేసింది.

కాగితం అడుగున ఇంకో ముక్క ఉంది. 'ఆట అయ్యాక: కళ్ళ డాక్టరు దగ్గరికి ఏ బస్సెక్కాలి?'

బాల్కనీలోంచి భర్త గొంతు వినిపించింది. "మీరు ఇరవై ఏళ్ళుగా వెళ్తున్న డాక్టరేగా మామయ్యగారూ."

"అవుననుకోండి. ఎక్కడ దిగాలంటారు?"

"ఆగండి, కాగితం తెస్తాను. గీసి చూపిస్తే గానీ మీకు ఎక్కదు. రేపు నేనే తీసుకెళ్తాను పదండి." కాగితం కోసం హాల్లోకి వచ్చిన భర్త, ఆమె చేతిలోని నీలం పెన్సిలు రాత చూశాడు. చూసి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "రెండో కవరుకి గమ్ము ఎక్కువైంది" అని గొంతు తగ్గించి చెప్పి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె కాగితాన్ని అవే మడతల్లో మడిచి, పెట్టెలో పెట్టి, మూత వేసి, తండ్రి కుర్చీ చేతి మీద ఉంచింది. మేస్త్రి జేబులు తడుముకుంటూ లోపలికి వచ్చాడు.

"నాన్నా, నీ కళ్ళజోడు పెట్టె ఎలా ఉంటుంది? నీకెక్కడైనా కనబడిందా?" అంది కూతురు.

మేస్త్రి పెట్టె వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, మళ్ళీ పెట్టె వైపు చూశాడు.

"ఇదుగో, ఇక్కడే ఉందిగా" అని తీసి జేబులో వేసుకున్నాడు. "జబ్బు నీకూ అంటుకుందన్నమాట."