స్వెటర్ మీద బఠాణీ గింజంత ముడి

మూడేళ్ల కిందటి చలికాలం. ఆదిలాబాద్ మార్కెట్ వెనక సందులో మా మామది రఫూ దుకాణం, అందులో నేను పనివాణ్ణి. రఫూ అంటే చిరిగిన చోట అదే రకం పోగులతో మళ్లీ నేత వేయడం. బాగా చేస్తే చిరుగు ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు. చేసినవాడొకడు ఉన్నాడనీ తెలియదు. పక్క దుకాణం టైలర్ కుట్టిన చొక్కా వేసుకున్నవాళ్లు ఊరంతా అతని పేరు చెప్తారు. నాకు ఆ టైలరంటే కుళ్లు. మనిషి మంచివాడు కావడం ఇంకా ఇబ్బంది.

ఒక మధ్యాహ్నం, అప్పుడప్పుడు చీరలు రఫూకి తెచ్చే సరోజక్క మెరూన్ రంగు స్వెటర్ తెచ్చింది. చేత్తో అల్లింది. మోచేతి దగ్గర రంధ్రం.

"ఎలుక కొరికింది తమ్మీ. మా ఆయన వేములవాడ పోయిండు. ఎల్లుండి వస్తడు. గా లోపట కావాలె."

ఎలుక కొరికితే ఊలు నలిగి పీచు లేస్తుంది. ఇక్కడ అంచులు నున్నగా ఉన్నాయి.

"అక్కా, మీ ఇంట్ల ఎలుకకు కత్తెర పట్టుడు వస్తదా?"

ఆమె నవ్వలేదు. స్టూలు మీద కూలబడింది.

"గది మా ఆయన మొదటి భార్య అల్లింది. ఆమె పోయి శానేండ్లాయె. కని చలి మొదలుగాంగనే మళ్ల ఇంట్లకొస్తది. నేను కొన్న స్వెటర్ మడత సుతం ఆయన ఇప్పలే. మొన్న కోపంల కత్తెర వెట్టిన. ఆయనకు తెలిస్తె ఇగ నా మొఖం సూడడు."

ఏడుపు మొదలయ్యేలా ఉంది. మా దుకాణంలో ఒకటే స్టూలు, ఏడ్చేవాళ్లు ఎక్కువసేపు కూర్చుంటారు. అందుకని పనిలో పడ్డాను.

మ్యాచింగ్, అంటే రంగూ లావూ కలిసే ఊలు, బజారులో దొరకదు. దాన్ని ఆ బట్టలోనే వెతకాలి. స్వెటర్ తిరగేసి పక్క కుట్టు విప్పితే లోపల ఒక చిన్న ఊలు చుట్ట దొరికింది. ఎప్పుడైనా చిరిగితే పనికొస్తుందని అల్లినామె మడిచి దాచింది.

సరోజక్క దాన్ని చూసి, "సచ్చి సుతం నాకు పని మిగల్చలే!" అంది.

అల్లిక గొలుసులాంటిది. తెగిన మెలికలను సూదితో ఒక్కొక్కటే పట్టి, పక్క వరుసను చూస్తూ మళ్లీ గొలుసు వేసుకుంటూ పోవాలి. సాయంత్రానికి రంధ్రం పూడింది. ఒక్క కొస మిగిలింది.

"గది నేనేస్త," అని సూది లాక్కుంది.

వేసింది. బఠాణీ గింజంత ముడి పడింది.

"సాపు చేస్తనక్కా."

"ఉండనియ్యి. ఆమె స్వెటర్ల నాది గంతన్న ఉండనియ్యి."

నా పని మీద ఆ ముడి, పెళ్లి ఫోటోలో అడ్డంగా నిలబడ్డ చుట్టంలా ఉంది. స్వెటర్ మడిచి ఆమె చేతికిచ్చాను.

సంక్రాంతి దాటాక ఒకాయన శాలువా తెచ్చాడు. ఒంటి మీద మెరూన్ స్వెటర్. నా చూపు తిన్నగా మోచేతి మీదికి పోయింది.

"స్వెటర్ మంచిగున్నదన్నా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆయన మోచెయ్యి నా ముఖం ముందు పెట్టాడు. "గీడ ఎలుక కొరికింది. మా ఆమె మంచిగ జేసింది. గీ ముడి సూడు, ఆమెదే." ఆ ముడిని బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

చుట్టూ నేను వేసిన వరుసలన్నీ ఉన్నాయి. ఆయన కన్ను ఒక్కదాని మీదా ఆగలేదు. ఆగకపోవడమే నా పనితనం. ఆ రోజు టైలర్ని క్షమించేశాను. నా కుళ్లంతా ఆ ముడి మీదికి మారింది.

"ఎలుక మళ్ల వచ్చిందా అన్నా?"

"లే. ఇగ రాలే."

"మరి శాలువా కూడా అక్కతోనే చేయించకపోయిండ్రా?"

"తీరిక లేదన్నది. నీకు రఫూ మంచిగొస్తదా? రాకుంటే మా ఇంటికి రా, ఆమె నేర్పుతది."

పని కనబడకుండా చేయడం మామ దగ్గర నేర్చుకున్నాను. ఎక్కడో ఒక చోట కనబడేట్టు చేయడం నాకింకా రాదు.

వస్తానని చెప్పి శాలువా తీసుకున్నాను.