చిల్లు గిన్నె చదివింపు

నేను మూడో తరగతితో బడి మానేశాను. నా మనవరాలు ఖమ్మంలో అర్థశాస్త్రం పాఠాలు చెబుతుంది. ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్ళ గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాసింది. పువ్వు రాలే రోజుల్లో మా ఊరొచ్చి, నా వెనకే అడవిలో తిరిగి రాసినదే. అందుకని అందులో సగం నాదేనని నా లెక్క.

కిందటేడు ఎండాకాలం ముఖం వేలాడేసుకుని వచ్చింది. ప్రమోషన్ ఆగిపోయేలా ఉందట.

"ఎందుకాగుతదే?"

"దేశంల అర్థశాస్త్రం రాసేటోళ్ళందర్నీ కొలుస్తరు అమ్మమ్మా. మన రాత ఎంతమంది సదివిన్రు, ఎంతమంది వాళ్ళ రాతల మన పేరు పెట్టిన్రు అని. నా పేరు ఒక్కరన్న పెట్టలె."

"సదివినోళ్ళు?"

"ఇద్దరు. అండ్ల ఒకదాన్ని నేనే."

నాకు వెంటనే తెలిసిపోయింది. ఇది పెళ్ళిలో చదివింపుల వ్యవహారమే. ఎవరేం పెట్టారో పేరుతో సహా మైకులో చదువుతారు. మనం గుర్తుంచుకుని వాళ్ళింటి పెళ్ళిలో తిరిగి చదివించాలి.

"నువ్వెవరికి సదివించినవ్?"

"గది సదివింపు కాదమ్మమ్మా, సదువుడు!"

"ఏదైతేంది? నీ రాతల ఎవరి పేర్లు పెట్టినవ్?"

"ఢిల్లీ పెద్ద ప్రొఫెసర్లయి."

"ఆళ్ళు మనింటి పెళ్ళికొస్తరా? రానోళ్ళకు ఇత్తడి బిందెలు సదివించుకుంట కూసున్నవ్. సాటోళ్ళకు సదివించు, తిరిగొస్తది."

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అయినా మధిరలో తనలాగే పాఠాలు చెప్పే ఒక సారు పేరు తన కొత్త వ్యాసంలో పెట్టింది. ఆయన రాసింది చదివాకే పెట్టిందట. చదవకుండా పెట్టేవాళ్ళూ ఉంటారట!

ఈ యేడు పువ్వు రాలే వేళకు ఫోన్ చేసింది.

"మధిర సారు నా పేరు పెట్టిండు అమ్మమ్మా!"

"చూసినవా? ఏమని పెట్టిండు?"



"ఇప్పపువ్వు గురించి నేను రాసిందంత తప్పని."

"గట్ల తిడితే గూడ లెక్కకొస్తదా?"

"అవ్. తిట్టినా పొగిడినా ఒక్కటే లెక్క."

మా అటక మీద ఒక గిన్నె ఉంది. నా కూతురి పెళ్ళిలో మా ఆడబిడ్డ చదివించింది. మైకులో పేరు మోగిపోయింది. ఇంటికొచ్చి నీళ్ళు పోస్తే కారింది. పారేస్తానా? ఎండిన ఇప్పపువ్వు పోసుకుంటున్నాను.

ప్రమోషన్ వచ్చింది. మనవరాలు మిఠాయి డబ్బాతో వచ్చింది గానీ, మధిర సారు మీద కోపం మాత్రం చల్లారలేదు. ఆయన తప్పులన్నీ ఏకరువు పెడుతూ జవాబు రాస్తుందట.

"రాయి బిడ్డా, మంచిగ రాయి," అన్నాను. "పాపం, ఆయనకు గూడ ప్రమోషన్ రావాలె గద."