అల్లవరంలో నేను లేనన్నారు

కోనసీమకు ఎవరైనా గోదావరి కోసమో, కొబ్బరితోటల కోసమో, వాడపల్లి వెంకన్న దర్శనానికో వెళ్తారు. నేను ఆసారి వెళ్ళింది నేను నేనేనని పోలీసుల చేత రాయించుకోవడానికి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు చెన్నైలో ఉద్యోగం దొరికింది. సముద్రం అడుగునుంచి వచ్చే ఇంటర్నెట్ కేబులు ఒడ్డెక్కే స్టేషన్ అది. దేశంలోకి వచ్చే, బయటికి పోయే మాటల్నీ సమాచారాన్నీ కావాలనుకుంటే ప్రభుత్వం అక్కడే గమనించే ఏర్పాటు ఉండాలని నిబంధన. ఆ పరికరాలున్న గదిలో కాలు పెట్టాలంటే సొంతూరి పోలీసులు వాకబు చేసి మంచివాడేనని రాయాలి. ఒకరోజు మా మేనేజరు నన్ను పిలిచి తలుపు వేశారు. "మీరిచ్చిన అల్లవరం చిరునామాలో అలాంటి మనిషే లేడని రిపోర్టు వచ్చింది. మరి మీరెవరు?" అన్నారు. వారంలోగా సరిచేయించుకోకపోతే విషయం ఢిల్లీదాకా వెళ్తుందన్నారు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. దొంగ చిరునామాతో అలాంటి చోట దూరబోయాడన్న ముద్ర పడితే మాత్రం ఇక ఎక్కడ తలెత్తుకుంటాను?

చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నే రాజమండ్రిలో దిగొచ్చు. అమలాపురానికి రైలు లేదు కాబట్టి అక్కణ్ణుంచి బస్సే దిక్కు. రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండు గంటలు పైనే పడుతుంది, టికెట్ అప్పట్లో ముప్పై రూపాయల లోపే. కిటికీ పక్క సీటు దొరికితే జొన్నాడ వంతెన మీద గౌతమిని తనివితీరా చూడొచ్చు. నేను చూడలేదు. ఖాకీ చొక్కా కండక్టరు వెనకనుంచి భుజం తట్టి టికెట్ అడిగినందుకే ఉలిక్కిపడి, చేతిలో చిల్లరంతా కింద పారేసుకున్నాను. అమలాపురం బస్టాండు ఎదుట పెసరట్టు బాగుంటుంది, తప్పకుండా తినండి. నాకైతే ఆ రోజు రెండు ముక్కలు కూడా గొంతు దిగలేదు.

అక్కణ్ణుంచి అల్లవరానికి షేర్ ఆటోలో ఐదారు రూపాయలు. నా పక్కన కూర్చున్నవాళ్ళు దారిలో దిగిపోయాక డ్రైవరు మాటలు మొదలుపెట్టాడు.

"ఎవరింటికండీ?"

"మా పెద్దమ్మ గారింటికి. సత్యవతి గారని, రైసుమిల్లు వీధి."

"ఆయ్, ఆ వీధాండీ! మొన్న కానిస్టేబులుగారు ఎవరో కుర్రోడి కోసం ఆ వీధంతా అడిగేరండి. టీకొట్టు దగ్గర నన్నూ అడిగేరు. ఒక్కరు చెప్తే ఒట్టండీ! మన ఊరి పిల్లోణ్ణి మనం పట్టిస్తామేంటండీ?"

ఆటో నడుపుతూనే వెనక్కి తిరిగి గర్వంగా నవ్వాడు. ఆ కుర్రోడు నేనే. ఊరంతా కూడబలుక్కుని, నా మీద ప్రేమతో, నన్ను లేకుండా చేసింది.

నన్ను పెంచింది పెద్దమ్మే. ఆవిడ కొడుకు శ్రీను మస్కట్‌లో వెల్డరు. గుమ్మంలో నన్ను చూడగానే ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపు గడియ వేసింది.

"ఏం చేసేవురా నాన్నా? పోలీసులొచ్చేరు. అలాంటోడెవడూ తెలీదని చెప్పేను. నీ ఫోటో కూడా గోడమీంచి తీసేసేను."

"పెద్దమ్మా, అది ఉద్యోగం కోసం వాకబు!"

ఆవిడ మంచం మీద కూలబడిపోయింది. మధ్యాహ్నం ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం. ఎస్సైగారి ముందు పెద్దమ్మ చేతులు జోడించి, "అబద్ధం చెప్పేనండి బాబూ, నన్నేమైనా చెయ్యండి, పిల్లోణ్ణి ఏం చెయ్యకండి," అంది. పోలీసుకి తప్పు చెబితే కేసవుతుందని ఆయన గట్టిగా అనేసరికి ఆవిడ బేడీలు వెయ్యమన్నట్టు రెండు చేతులూ ముందుకు చాపింది. తర్వాత ఆయన కాస్త మెత్తబడి, ఇంత వాకబు దేనికని అడిగారు. కేబులు గురించి, అవసరమైతే మాటలు వినే ఏర్పాటు గురించి చెప్పాను. పెద్దమ్మ పక్కనే ఉందన్న ధ్యాస నాకు లేదు. ఊళ్ళో ఇద్దరి చేత సంతకాలు పెట్టించుకుని, ఎస్సైగారు రిపోర్టు మార్చి రాశారు.

తిరిగి ఇంటి దగ్గరికొచ్చాక పెద్దమ్మ, "మా శ్రీనుగాడి మాటలు కూడా వింటారా?" అని అడిగింది. "మనలాంటి వాళ్ళవి ఎవరు వింటారు పెద్దమ్మా," అన్నాను. మస్కట్ ఫోను ఏ దారిన వస్తుందో, ఎవరు ఏది వింటారో నిజానికి నాకూ తెలియదు.

ఆ రోజు శుక్రవారం, మస్కట్‌లో శ్రీనుకి సెలవు. సాయంత్రం ఫోను మోగింది. మామూలుగా అయితే అరగంట మాటలు నడుస్తాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గరే పెట్టేసుకున్నాడనీ, ఇంకో పని చూసుకుంటాననీ వాడు గుట్టుగా చెప్తాడు, ఆవిడ ఏడుస్తూ ధైర్యం చెప్తుంది. ఆ సాయంత్రం వాడేదో మొదలుపెట్టగానే ఆవిడ అడ్డుపడింది. "ఏం చెప్పకు బాబూ. ఇక్కడంతా బాగున్నాం. నువ్వూ బాగున్నావు. మీ దొరగారు చాలా మంచోరు." మర్యాద తప్పకూడదన్నట్టు గొంతు తగ్గించి, "వింటున్నోళ్ళకి కూడా నమస్కారమండీ," అని ఫోను పెట్టేసింది.

పరికరాల గదికి పాసు వచ్చింది. ఆ గదిలో చాలా ఏళ్ళు పనిచేశాను, ఎవరి మాటలూ నా చెవిన పడలేదు. అక్కడ కనిపించేవి వెలిగి ఆరే దీపాలే. అయినా పెద్దమ్మ బతికున్నన్నాళ్ళూ శ్రీనుకి ఆ నాలుగు ముక్కలే చెప్పింది. వాడి కష్టం మళ్ళీ ఆవిడ చెవిన పడలేదు. నన్ను కాపాడటానికి పోలీసులకే అబద్ధం చెప్పిన మనిషి, నా ఉద్యోగం తెలిశాక కన్నకొడుకు నోట నిజం వినడానికి భయపడింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

మీకూ ఇలాంటి వాకబు ఉంటే, కానిస్టేబులు రాకముందే ఊరెళ్ళి నలుగురికీ చెప్పి ఉంచండి. ఉద్యోగం వచ్చిందని చెబితే చాలు, అది ఏం ఉద్యోగమో మాత్రం చెప్పకండి.