నా మూగ ఫోను

అది బుధవారం, పొద్దున పదకొండున్నర. సూర్యాపేట బస్టాండు పక్కన ఫోన్ల రిపేరు దుకాణంలో గోడ గడియారాన్ని నేనే చదివాను కాబట్టి గంట గుర్తుంది. ఆ రోజుల్లో నాకు చదువు కొత్త. అరవై దాటాక రాత్రి బడిలో పలక పట్టినదాన్ని. పడుచుపిల్ల కొత్త గాజులు చూపించుకున్నట్టు కనపడిన బోర్డునల్లా పైకి చదివేదాన్ని (బస్సు బోర్డు చదవడం అయ్యేలోపు బస్సు పోయేది, అది వేరే సంగతి).

నాది బటన్ల ఫోను. ఏ అంకె ఎక్కడుందో నా బొటనవేలికి తెలుసు. వరికోతలయ్యాక గొర్రెల మందను తోలుకుని మిర్యాలగూడ దిక్కు పోతాను. అక్కడి రైతులు ఎరువు కోసం పొలంలో మందను పడుకోబెట్టించుకుంటారు. ఇవ్వాళ ఒక పొలం, రేపు ఇంకోటి. నేనెక్కడున్నానో కోదాడలోని నా కూతురికి తెలిసేది ఆ ఫోనుతోనే. ఒకనాడు అది మూగబోయింది. అవతలి మాట నాకు వినపడుతుంది, నా మాట అవతలికి పోదు. సంగతి తెలియక నేను అరిచిన అరుపులకు గొర్రెలు బెదిరి పరుగెత్తాయి. కూతురు హలో హలో అని విసిగి, కట్ చేయకుండానే ఫోను పక్కన పెట్టి మా అల్లుడితో ముచ్చట మొదలుపెట్టింది. అమ్మకు పెద్ద ఫోను కొనిద్దామట. ఎక్కడ తిరిగేదీ మన ఫోనులో కనపడుతుందట. ఆ తర్వాత మెల్లగా గొర్రెలు అమ్మించి కోదాడకే తెచ్చుకుందామట. నేను చెవి తీయలేదు. మన గురించి మనవాళ్లు అనుకునేది వినే అదృష్టం ఎందరికి దొరుకుతుంది? చివర ఆమె ఇంకో మాట కూడా అంది. అది తర్వాత చెప్తాను.

మందను మరిదికి అప్పజెప్పి, రిపేరుకు సూర్యాపేట పోతున్నానని ఒక రైతు ఫోనుతో కూతురికి చెప్పి, పోట్లాటకు సిద్ధపడే సూర్యాపేట పోయాను. కూతురు, అల్లుడు నాకన్నా ముందే దిగారు. అల్లుడు అద్దంలాంటి ఫోను ఒకటి బయటికి తీయించి పెట్టాడు.

"పాతది బాగుచేయిస్తే మళ్లా పాడైతది అత్తమ్మా. ఇది తీస్కో."

దుకాణం ఆయన (కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే వెతుక్కునే మనిషి, నేను జోడు సారు అని పేరు పెట్టాను) దాని గొప్పలు ఏకరువు పెట్టాడు. మేం గొర్రెను కొంటే నోరు తెరిచి పళ్లు చూస్తాం, నడుము నొక్కుతాం, కుంటుతుందేమోనని నాలుగడుగులు నడిపిస్తాం. దీనికి పళ్లూ లేవు, కాళ్లూ లేవు.

"సారూ, దీన్ని జర కింద పడెయ్," అన్నాను.

"ఎందుకు పెద్దమ్మా?"

"నేను నడుంకాడ బొడ్ల దోపుకునే ఫోను గట్లమీద, రాళ్లమీద పడ్తనే ఉంటది. పడి లేస్తదో లేదో సూడాలె గద."

ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు. నేను నా ఫోను తీసి, తలెత్తున పట్టి, బండలమీద వదిలాను. మూత ఒక దిక్కు, బ్యాటరీ ఒక దిక్కు పోయాయి. ఏరి, దులిపి, పెట్టి నొక్కాను. వెలిగింది.

"గిది బతికే జీవం. గొంతు ఒక్కటే పోయింది. గొంతు పెట్టు."

జోడు సారు లోపలి మైకు మార్చి, ఎవరికైనా చేసి చూడమన్నాడు. నొక్కాను. ఎదురుగా నిలబడ్డ నా కూతురి చేతిలో మోగింది. అలవాటుకొద్దీ ఆమె చెవికి పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

"గొర్లను అమ్మేది లేదు. కోదాడ వచ్చేది లేదు. నేనేడున్ననో నేనే చెప్త. ఇనపడ్తుందా?"

ఆనాటి ముచ్చటంతా నేను విన్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. అల్లుడు గోడ గడియారం చూడసాగాడు. కూతురు నా కళ్లలోకి చూస్తూనే, ఫోనులో అంది.

"ఇనపడ్తుందమ్మా."

గెలిచాను. ఆనాడు ఆమె చివర అన్న మాట మాత్రం దుకాణంలో ఎత్తలేదు, ఎత్తితే ఓడిపోయేదాన్ని. 'అమ్మ ఫోను రాకపోతే నాకు బువ్వ దిగదు' అంది. అందుకే ఏ పొలంలో ఉన్నా, ఆమె అన్నం ముందు కూర్చునే వేళకల్లా నా బటన్లు నొక్కుతున్నాను.

ఆ రోజు అక్కడున్నది నా కూతురు, అల్లుడు, జోడు సారు, ఎదురుగా ఉన్న బిడ్డను ఫోనులో కేకేసిన ఒక మొండి ముసలిది. ఆ ముసలిదాన్ని, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది. మారిందని మాత్రం అనుకోకండి.