కరీమున్ ఉల్లిపొట్టు నీళ్లు తాగనంది

కరీమున్‌తో వాదనకు దిగి నెగ్గినవాణ్ణి నల్లపాడులో నేనింతవరకు చూడలేదు. మా మిర్చి గోడౌన్‌లో మూతికి గుడ్డ కట్టుకుని ఎండుకాయల రాశి ముందు కూర్చుందంటే, తొడిమలు తీసే వేళ్లూ ఆగవు, నోరూ ఆగదు.

పోయిన వేసవి నుంచి మాత్రం ఊపిరి ఆగుతోంది. ఒళ్లంతా దద్దుర్లు, తుమ్ములు, పిల్లికూతలు. కాయల దుమ్మూ బూజూ ఒంటికి పడటం లేదని డాక్టరు పీల్చే మందు ఇచ్చారు. దాన్ని జాకెట్లో దాచుకునేది. పీల్చే మందు కనబడిందా, రోగిష్టిదని ముఠాలోంచి తీసేస్తారు. మా అందరికీ అదే భయం.

మేం మాస్కులు అడిగితే మేస్త్రి యలమంద ఉల్లిపొట్టు కాచిన నీళ్లు తెచ్చాడు. ఏదో వీడియో చూశాడట.

"ఎలర్జీకి ఇదే మందు. తాగండి. ఇంక ఆస్పత్రి పేరు చెప్పి నాగా పెట్టారో, ఇంటికి పంపిస్తా!"

తాగాం, సిగ్గులేకుండా. కొందరైతే పొట్టును మూతిగుడ్డలో పెట్టి కట్టుకుని రెట్టింపు తుమ్మారు. కరీమున్ కూడా మందు మానేసి ఆ నీళ్లే తాగింది. వారం తిరక్కుండా ఆయాసంతో కుప్పకూలితే ఆస్పత్రిలో పెట్టారు.

ఆమె అక్క కూతురు నగ్మా గుంటూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. నేను చూడటానికి వెళ్లేసరికి మంచం పక్కన కూర్చుని చెబుతోంది.

"మన చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో మాస్ట్ కణాలని ఉంటాయి ఖాలా. పడనిది తగిలితే హిస్టమిన్ అనే రసాయనం చిమ్ముతాయి. దాంతో దద్దుర్లు, ఆయాసం. ఉల్లిపొట్టులో క్వెర్సెటిన్ ఉంది, నిజమే. ల్యాబ్‌లో కణాల మీద పోస్తే ఆ చిమ్మడం తగ్గుతుంది, నేనే చూశాను. కానీ తాగితే ఒంటికి పట్టేది కొంచెమే. ఆయాసం తగ్గిస్తుందని ఎవరూ తేల్చలేదు. నీ మందు మానకు."

"అంటే యలమంద సగం నిజం చెప్పి నన్ను చంపబోయాడన్నమాట!"

కోలుకుని పనిలోకి వచ్చిన రోజున యలమంద మళ్లీ గ్లాసు చాపాడు. కరీమున్ దాన్ని తోసేసింది.

"ఇది ల్యాబ్ గిన్నెలో పనిచేసిందంట. నేను గిన్నెలో లేను, నీ గోడౌన్లో ఉన్నా!"

అందరూ చూస్తుండగానే జాకెట్లోంచి మందు తీసి గట్టిగా పీల్చింది.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు యలమంద.

"వస్తా. నీకు చేతనైంది చేసుకో." మా వైపు తిరిగింది. "ఏమే, ఆయాసం నాకొక్కదానికేనా? ఉన్నవాళ్లు చెయ్యెత్తండే!"

ముందు పిచ్చమ్మ ఎత్తింది, ఏనాడూ నోరు విప్పి ఎరగని పిచ్చమ్మ. ఆ వెనక మరొకరు, ఇంకొకరు. చూస్తుండగానే కారంతో ఎర్రబడ్డ చేతులు సగం గోడౌన్ నిండా లేచాయి.

అంతమందిని యలమంద ఇంటికి పంపలేడు.