నాలుగు సిలిండర్ల బండి మీద అమ్మ

మా ఊళ్ళో మగవాళ్ళంతా మా అమ్మతో తలెత్తే మాట్లాడతారు. ధైర్యం ఉండి కాదు. ఆవిడ మొహం ఆ ఎత్తున ఉంటుంది మరి. ఎత్తుకు తగ్గ లావు కూడా. నాన్నగారు ఆవిడ భుజం దాకా వస్తారు. పెళ్ళి ఫొటోలో మాత్రం ఇద్దరూ సమానంగానే ఉన్నారు. నాన్నగారు దేని మీద నిలబడ్డారన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ వెయ్యరు.

అమ్మది లేసు పని. సఖినేటిపల్లి వైపు మా ఊరూ, చుట్టుపక్కల ఊళ్ళూ తిరిగి లేసు అల్లే ఆడవాళ్ళకు దారం ఇస్తుంది. వాళ్ళు అల్లిన గుడ్డలు పోగుచేసి, మనుషుల్నీ బళ్ళనూ దాటించే పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో గోడౌన్‌కు చేరుస్తుంది. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి తిప్పింది నేనే. అమ్మ నా బండి వెనక కూర్చుందంటే ముందు చక్రానికి నేలతో చుట్టరికం తగ్గిపోతుంది. వంతెన ఎక్కేటప్పుడు నేను హ్యాండిల్ పట్టుకునేది కేవలం మర్యాద కోసం.

ఇలా ఉండగా నాకు పాలకొల్లులో సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరూ పొంగిపోయారు. స్వీటు సగం తినేసరికి అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది: మరి అమ్మనెవరు తిప్పుతారు? నాన్నగారికి సైకిలు తప్ప రాదు. ఆటోలు ఆ ఇరుకు పుంతదారుల్లోకి రావు.

"పోనీ మానెయ్యవే. ఎన్నాళ్ళు తిరుగుతావు?" అన్నారు నాన్నగారు.

అమ్మ స్వీటు పళ్ళెం కింద పెట్టింది. మా అమ్మ తినేది మధ్యలో కింద పెట్టిందంటే విషయం చిన్నది కాదని మాకు తెలుసు. "మానను. నేనే నడుపుకుంటాను," అంది.

సాయంత్రాలు బడి ఆవరణలో నా బండి మీద నేర్చుకుంది, లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఇక కావలసింది సొంత బండి. అందరం కలిసి నరసాపురంలో ఎలక్ట్రిక్ బళ్ళ షోరూముకు వెళ్ళాం.

మొదటి స్కూటర్ మీద కూర్చోగానే అమ్మ మోకాళ్ళు రెండూ హ్యాండిల్‌కు చెరో పక్కన లేచి నిలబడ్డాయి. కుడి వైపు తిప్పాలంటే ముందు కుడి మోకాలి అనుమతి తీసుకోవాలి. రెండోదాని మీద కూర్చుంటే అది ఒక నిట్టూర్పు విడిచి అలాగే ఉండిపోయింది. షోరూము ఆయన చాలా పెద్దమనిషి. బరువెంత అని ఆడవాళ్ళను అడగలేక కాసేపు చేతులు నలుపుకుని, "బండి మీద మామూలుగా ఎంతమంది వెళ్తారండి?" అన్నాడు.

"నేనొక్కదాన్నే."

"ఆహా. అలాగాండి," అని ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ చూశాడు.

అప్పుడు అమ్మ చూపు మూలనున్న ఒక బండి మీద పడింది. ఎత్తైన సీటు, లావు టైర్లు, అలంకారం సున్నా.

"అదేంటండి?"

"అది లోడు బండండి. గ్యాస్ సిలిండర్లు వేసేవాళ్ళు తీసుకెళ్తారండి. మీలాంటివాళ్ళకి చూపించకూడదని..."

"ఎన్ని సిలిండర్లు మోస్తుంది?"

"నిండువి నాలుగండి. పైన నడిపే మనిషి."

అమ్మ పైకి చూసి లెక్క వేసుకుంది. "అయితే నన్ను మోస్తుంది. పైగా నేను లీకవ్వను," అంటూ ఎక్కి కూర్చుంది. మోకాళ్ళు హాయిగా ఒదిగాయి. రెండు పాదాలూ నేల మీద పరిచినట్టు ఆనాయి. ఆ బండిని తయారుచేసినవాళ్ళు మా అమ్మను ఎక్కడో రహస్యంగా కొలుచుకున్నారని నా అనుమానం.

నాన్నగారు ఊరుకుంటారా? షరతు పెట్టారు. "ఒకరోజు ట్రయల్ తీసుకుందాం. రేపు మధ్యాహ్నానికి లేసు మూటతో వచ్చి, ఇక్కడ పంటు దిగి, ఎవరూ తొయ్యకుండా రేవు వాలు ఎక్కు. ఎక్కితే బండి నీది. ఎక్కకపోతే బండి వీళ్ళది, లేసు పని బంద్."

"సరే," అంది అమ్మ.

"చిన్న గీత కూడా పడకుండా తెచ్చివ్వండి," అన్నాడు షోరూము ఆయన. పాపం, ఆయనది కోనసీమ కాదు.

మర్నాడు అమ్మ ముందు లోడు బండి మీద, నేను వెనక నా బండి మీద బయల్దేరాం. మొదటి ఇంట్లో లేసు అల్లే పిన్నిగారు బండిని చూడగానే లోపలికి పరిగెత్తి పసుపూ కుంకుమా తెచ్చింది.

"పిన్నీ, ఇది ట్రయల్ బండి. సాయంత్రం వెనక్కిచ్చెయ్యాలి," అన్నాను.

"ట్రయలైనా బండేగా నాయనా. ఉత్తినే పంపుతామా?" అంటూ హెడ్‌లైటుకు మూడు బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. పోయేముందు నాలుగు కొబ్బరికాయలు వెనక కట్టింది.

రెండో ఇంట్లో బంతిపూల దండ, ఒక అరటిగెల. మూడో ఇంట్లో మళ్ళీ పసుపు, మాగాయ జాడీ. కాదంటే గొడవ. "వాళ్ళింట్లో తీసుకున్నావు, మాదైతే బరువైందా?" అంటారు. అసలు సమస్య అదేనని ఎలా చెప్పడం? చివరి ఇల్లు దాటేసరికి బండి పెళ్ళికూతురిలా ఉంది, వెనక సారె సామాను. తెర మీద చార్జింగ్ గీతలు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటున్నాయి. సిలిండర్ల లెక్కలో మేం అయిదోదాన్ని దాటేశాం.

పంటు మీదికి దిగడానికి ఇబ్బంది లేదు, దిగడం ఎప్పుడూ సులువే. గోదావరి మధ్యకు వచ్చాక అవతలి ఒడ్డు చూసి నాకు నవ్వాగిపోయింది. సముద్రం దగ్గర కదా, పాటు సమయానికి నీళ్ళు బాగా దిగిపోతాయి. రేవు వాలు రెట్టింపు కనిపిస్తోంది, కింది సగమంతా తడి. పైన టీ బడ్డీ దగ్గర గ్లాసు పట్టుకుని నాన్నగారు.

పంటు ఆగింది. అమ్మ కొంగు బిగించి బండిని ముందుకు ఉరికించింది. సగం దాకా బాగానే ఎక్కింది. తర్వాత మెల్లగా. ఇంకా మెల్లగా. మూలిగి ఆగింది.

మావాళ్ళకు ఒక జబ్బుంది. బండి ఆగితే చూస్తూ ఊరుకోలేరు. పంటులోంచి పదిమంది చేతులు చాచి పరిగెత్తారు.

"ముట్టుకోకండీ! మీకు దండం పెడతాను, ఎవరూ ముట్టుకోకండీ!" అని అరిచింది అమ్మ.

"ఏంటమ్మా, మడి బండా?" అన్నాడొకాయన బెదిరిపోయి.

అమ్మ రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, బ్రేకు పట్టి వదులుతూ, అడుగులో అడుగేసుకుంటూ బండిని పంటు మీదికి దింపుకుంది. పొట్టి కాళ్ళవాళ్ళయితే బండితో సహా గోదాట్లో ఉండేవారు. మా నాన్నగారి పేరు నేను చెప్పను.

దిగి, వెనకున్న తాళ్ళు విప్పింది. ఎవరేమిచ్చినా కాదనని మనిషి, అరటిగెల అత్తాలు కోసి పంచడం మొదలుపెట్టింది. "తీసుకోండి బాబూ, మా చెట్టువే అనుకోండి." కొబ్బరికాయలు పోయాయి. మాగాయ జాడీ ఒక ముసలాయన ఒళ్ళో పడింది. పంటు నడిపే ఆయన హారన్ కొట్టబోయి, చేతిలోకి అరటిపళ్ళు రాగానే మానుకున్నాడు. లేసు మూట మాత్రం అమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అంతలో చేపల తట్టతో వచ్చిన ఒకావిడ, పళ్ళు తీసుకుని ఉత్తినే ఉండలేక, రొయ్యల పొట్లం ఒకటి బండికి తగిలించబోయింది. "కొత్త బండి తల్లీ, కాదనకు."

"వద్దు వదినా," అంది అమ్మ.

ఇరవై ఏళ్ళుగా ఆవిడకు కొడుకుని. తినే వస్తువును వద్దనడం అదే మొదలు. రొయ్యలు కూడా.

అమ్మ మళ్ళీ ఎక్కింది. ఈసారి బండి సగం దాటింది. నెమ్మదించింది. పంటు మొత్తం ఊపిరి బిగబట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మావాళ్ళకు అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. చక్రం తడి దాటి పొడి సిమెంటు అందుకుంది. ఒక్క ఊపున బండి పైకి లేచి, నాన్నగారి పక్కనుంచి దూసుకుపోయి, ఊళ్ళోకి మలుపు తిరిగింది. వెనక ఈలలు, చప్పట్లు. ముసలాయన జాడీ మూత మీద దరువేశాడు.

నేను పైకి చేరేసరికి నాన్నగారి టీ చల్లారిపోయింది.

"పాటు వేళ చూసే రమ్మన్నారు కదూ?" అన్నాను.

"నాకేం తెలుసురా, నేనేమన్నా చంద్రుణ్ణా?" అన్నారు. ఆయన కళ్ళు మాత్రం మలుపు వైపే ఉన్నాయి. "చూశావా, వెనక్కి దింపేటప్పుడు ఏం బిగించి పట్టిందో!" అన్నారు, తనే నేర్పినట్టు.

ఇద్దరం నా బండి మీద గోడౌన్‌కు వెళ్ళాం. మూట దింపేసి అప్పుడే వెళ్ళిపోయారన్నారు. షోరూముకు వెళ్ళాం. రాలేదన్నారు. ఫోన్ చేస్తే ఎత్తదు. నాన్నగారు రోడ్డు మీదికీ లోపలికీ తిరగడం మొదలుపెట్టారు. రేవులో లేని కంగారు ఇప్పుడొచ్చింది.

చాలాసేపటికి అమ్మే ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?" అని కేకేశారు నాన్నగారు.

"మొగల్తూరు రోడ్డులో ఉన్నానండీ. రోడ్డు బాగుందని అలా వెళ్తూనే ఉన్నాను. చార్జింగ్ అయిపోయింది. ఎవరో పాపం మంచివాళ్ళు, వాళ్ళింట్లో పెట్టుకోమన్నారు."

"మేం రావాలా?"

"ఎందుకూ? చార్జింగ్ ఎక్కాక నేనే వస్తాను. ఇప్పుడే విస్తరేశారు. తినందే కదలనివ్వట్లేదు," అంది. వెనకనుంచి ఎవరో ఇంకొంచెం వడ్డించమనడం వినిపించింది. "ఏవండీ, ఆ షోరూము ఆయనతో చెప్పండి, బండి మాదేనని. మీరిద్దరూ ఏదో ఒకటి తినండి."